పాత కంప్యూటరు, క్రొత్త డిస్కు

వస్తువు పాతబడినంతమాత్రమున పారవేయుట మన ఇండ్లలో ఆచారము కాదు. బిందె చిల్లిపడినచో మాటు వేయింతుము. మంచము కుంగినచో క్రొత్త నవారు అల్లింతుము. పొలములోని మోటారు కాలినచో మరల వైండింగు చేయింతుము గాని బావినే పూడ్చివేయము. ఏ భాగము అరిగినదో ఆ భాగమునే మార్చుట మన పెద్దలు నేర్పిన పొదుపు. కాని కంప్యూటరు విషయమున ఈ వివేకము మనకు తోడు వచ్చుట లేదు. అది కొంచెము మందగింపగానే యంత్రమంతయు ముసలిదైనదని తీర్మానించి, దానిపై గుడ్డ కప్పి మూలకు చేర్చుచున్నాము. నిజమునకు అనేక సందర్భములలో ముసలిదైనది యంత్రము కాదు, దానిలోని ఒక్క భాగము. ఆ భాగమేదో, దానిని మార్చుట యెట్లో, మార్చుటకు ముందు దేనిని కాపాడుకొనవలెనో నేటి ప్రసంగములో వివరింప దలచినాము.

అనంతగిరి యనగానే కొందరికి అరకు త్రోవలోని అనంతగిరియు, మరికొందరికి వికారాబాదు కొండలలోని అనంతగిరియు స్ఫురింపవచ్చును. మేము చెప్పునది సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువనున్న అనంతగిరి. అచ్చట ఒక ఇంజనీరింగు కళాశాల కలదు. కోదాడ హైదరాబాదు విజయవాడల నడుమ రహదారిపై నున్న వ్యాపారస్థలము. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపడినది. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన పిదప ఎడమకాలువ క్రింద వరి పెరిగినది. వరి వెంట మిల్లులు, మిల్లుల వెంట లెక్కలు, లెక్కల వెంట కాలక్రమమున కంప్యూటర్లును వచ్చినవి. 2011లో మీ సేవ కేంద్రములు ఆరంభమైన తరువాత ధ్రువపత్రముల కొరకు కంప్యూటరు ముందు నిలువని కుటుంబము అరుదు. కనుక ఈ విషయము పట్టణముల విద్యావంతులకు మాత్రమే సంబంధించినది కాదు.

ఆల్ ఇన్ వన్ అను కంప్యూటరును మీలో చాలమంది చూచియే యుందురు. తెర వేరు, పెట్టె వేరు కాక, యంత్రమంతయు తెర వెనుకనే ఇమిడియుండును. తీగలు తక్కువ, స్థలము తక్కువ, చూపునకు టెలివిజనువలె నుండును. అందువలన ఇరుకైన దుకాణముల వారును, వైద్యశాలలలో చీట్లు వ్రాయువారును, ఇంటి ముందు గదిలో అందముగా నుండవలెనని కోరువారును దీనిని ఇష్టపడినారు. అట్లు కొన్న యంత్రము ఏడెనిమిది సంవత్సరములు గడచునప్పటికి మీట నొక్కి వంటింటిలోనికి వెళ్లి టీ కాచుకొని వచ్చునంతవరకు తెరపై చుక్కలు తిరుగుచునే యుండును. ఒక కాగితమును తెరచుటకు ఒక నిముషము, అచ్చు వేయుటకు మరియొక నిముషము. ఎదుట నిలిచిన రైతు చేతి గడియారము చూచుకొనుచుండును.

ఈ మాంద్యమునకు మూలమెక్కడ? కంప్యూటరులో మూడు పనులు జరుగుచుండును. ఆలోచించు పని ప్రాసెసరుది. ఆలోచన సాగుచుండగా కావలసినవాటిని చేతికందునట్లు పట్టియుంచు పని ర్యాము అను తాత్కాలిక జ్ఞాపకముది. కరెంటు పోయినను చెరగకుండ సమస్తమును దాచియుంచు పని డిస్కుది. బియ్యపు మిల్లును తలచుకొనుడు. ధాన్యము నిలువయుండు గోదాము డిస్కు. మరపట్టు యంత్రము ప్రాసెసరు. దాని నోటివద్ద ధాన్యము పోయు తొట్టి ర్యాము. మరపట్టు యంత్రము గంటకు ఎన్ని బస్తాలైనను ఆడగలదు. కాని గోదాము నుండి ఒక్క హమాలీ ఒక్కొక్క బస్తాను వెదకి వీపున మోసికొని రావలసియున్నచో, మిల్లు ఊరక తిరుగుచుండవలసినదే. మన పాత యంత్రములలో జరుగుచున్నది ఇదియే. మిల్లు మంచిదే, మోతగాడు అలసినాడు.

ఆ మోతగాడే హార్డు డిస్కు. దానిలో నునుపైన పళ్లెములు గిరగిర తిరుగుచుండగా, వాటిపై వెంట్రుకకంటె సన్నని యెడముతో ఒక చిన్న తల ఇటునటు కదలుచు అయస్కాంతపు గుర్తులను చదువుచుండును. ఈ విధానము క్రొత్తది కాదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ మొదటి డిస్కు నిలువ యంత్రమును వెలువరించినది. అందులో 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెడివి. బరువు ఇంచుమించు ఒక టన్ను. అంతటి యంత్రము దాచినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రము ఇంచుమించుగ అంత స్థలము నాక్రమించును. డెబ్బది యేండ్లలో పళ్లెములు అరచేతిలో ఇమిడినవి, దాచు శక్తి లక్షలరెట్లు పెరిగినది. కాని పళ్లెము తిరుగవలెను, తల కదలవలెను అను నియమము మాత్రము మారలేదు.

ఇక్కడ చిన్న లెక్క చూతము. ఆల్ ఇన్ వన్ యంత్రములలో విరివిగా అమర్చిన డిస్కు నిముషమునకు 5,400 చుట్లు తిరుగును, అనగా సెకనుకు 90 చుట్లు. కావలసిన గుర్తు తల క్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు ఆగవలెను. ఆ కాలము సెకనులో వేయింట అయిదారు వంతులు. తల సరియైన వలయమునకు చేరుటకు వేయింట పది పండ్రెండు వంతులు. రెండును కలిపినచో ఒక్క తుంటను తెచ్చుటకు వేయింట పదునేడు వంతులు పట్టును. అనగా సెకనుకు అరువదికి మించి తేలేదు. కంప్యూటరు మేలుకొనునపుడు ఒకే పెద్ద గ్రంథమును చదువదు. చెల్లాచెదరుగ నున్న వేలకొలది చిన్న తుంటలను ఏరుకొనును. పదివేల తుంటలనుకొందము. సెకనుకు అరువది చొప్పున మూడు నిముషములకు కొంచెము తక్కువ. మీరు టీ కాచుకొను కాలము ఇదియే.

తిరుగు పళ్లెమే లేని డిస్కును ఎస్.ఎస్.డి. అందురు. దీనికి మూలమైన ఫ్లాష్ జ్ఞాపకమును జపాను దేశమున తోషిబా సంస్థలో పనిచేయుచుండిన ఫుజియో మసుయొకా అను ఇంజనీరు రూపొందించి 1984లో శాస్త్రజ్ఞుల యెదుట ప్రకటించెను. నేటి డిస్కులలో వాడు నాండ్ అను రకము 1987లో వెల్లడియైనది. కంటికి కానరాని గదులలో విద్యుత్కణములను బంధించి, నలుప్రక్కల విద్యుత్తు జారని గోడలు కట్టుట దీని మర్మము. తాళము వేసిన కొట్టులోని గింజలవలె, కరెంటు తీసివేసినను ఆ కణములు లోపలనే యుండును. ఇందు కదలు భాగము లేదు. గుర్తు తన వంతు వచ్చువరకు ఎదురుచూడ నక్కరలేదు. ఒక్క తుంటను తెచ్చుటకు సెకనులో పదివేలవ వంతు చాలును. పై లెక్కలోని పదివేల తుంటలును ఒక్క సెకనులో వచ్చును. కంప్యూటరు మేలుకొనుటలో ఇతరమైన పనులును ఉన్నందున అది ఒక్క సెకనులోనే లేచునని మేము చెప్పము. కాని మూడు నిముషములు అర నిముషమునకు తగ్గుట సామాన్యముగ జరుగు విషయము.

ఇంత మేలు కలుగుచుండగా వెంటనే యంత్రమును విప్పుదమని కొందరికి తోచవచ్చును. ఒక్క క్షణము నిలువవలెను. డిస్కు మార్చుటలో అసలు పని మరమేకులు విప్పుట కాదు. డిస్కు వెల మనకు తెలియును. దానిలో నున్నదాని వెల మనకు తెలియదు. కూతురి పెండ్లి ఫోటోలు, అమెరికాలో పుట్టిన మనుమని తొలి నడక, కీర్తిశేషుడైన తండ్రిగారి కంఠస్వరము, అయిదేండ్ల జమాఖర్చులు, భూమి కాగితముల నకళ్లు అందులో నుండవచ్చును. డిస్కు బజారులో దొరకును. ఇవి ఏ బజారులోను దొరకవు. మరియు ఇవి అనేక గృహములలో ఆ ఒక్క డిస్కులోనే యున్నవి. కనుక మొదటి పని నకలు తీయుట, దీనినే బ్యాకప్ అందురు. విలువైన దానికి మూడు ప్రతులుండవలెను, అవి రెండు విధముల వస్తువులపై నుండవలెను, అందొకటి వేరొక ఇంటనుండవలెను. విత్తనపు గింజలను ఒకే గాదెలో పోయరాదని తెలిసిన రైతునకు ఈ సూత్రమును మరల బోధింప నక్కరలేదు.

డిస్కు నుండి టకటకమని చప్పుడు వచ్చుచున్నచో, లేక ఫైళ్లు తెరచుకొనక మొరాయించుచున్నచో, అది ఆయువు తీరుచున్నదనుటకు గుర్తు. అట్టి దశలో డిస్కునంతటిని ఒక్క పెట్టున నకలు చేయబూనుట ప్రమాదము. ముందుగా ప్రాణప్రదమైనవాటిని వేరుచేసి తీసికొనవలెను. పాటలు, సినిమాలు తరువాత చూచుకొనవచ్చును. నకలు సాగుచుండగా కరెంటు పోవుట మనకు తెలియని ముచ్చట కాదు గదా, యు.పి.ఎస్. గాని ఇన్వర్టరు గాని లేనిదే ఆ పని మొదలుపెట్టరాదు. నకలు పూర్తియైన తరువాత వేరొక కంప్యూటరుపై నాలుగైదు ఫైళ్లను తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు.

తెలుగు వ్రాయువారికి ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. కోదాడలో ఒక డి.టి.పి. దుకాణమును ఊహించుకొందము. అందు పెండ్లి శుభలేఖలు, కరపత్రములు, గ్రామదేవత జాతర పిలుపులు పది పదునైదేండ్లుగా పోగుపడియున్నవి. అవి చాలవరకు అను ఫాంట్లు మొదలైన పాత పద్ధతి అక్షరములతో కూర్చినవి. ఆ పద్ధతిలో ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు అక్షరముల రూపములను కూర్చోబెట్టినారు. కంప్యూటరునకు అది తెలుగని తెలియదు. ఆ ఫాంటు వేసికొన్న తెరకు మాత్రమే తెలియును. క్రొత్త డిస్కులో అన్నియు మొదటినుండి ఎక్కించి ఆ ఫాంటును మరచినచో, శుభలేఖ తెరవగానే అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు ప్రత్యక్షమగును. దుకాణదారు ఫైళ్లన్నియు చెడిపోయినవని గుండె బాదుకొనును. చెడిపోలేదు, వాటి వేషము మాత్రమే పోయినది. అయినను ఆ ఫాంట్లు ఎక్కడ దొరకునో, వాటి అనుమతి సంఖ్య ఎవరివద్ద నున్నదో అప్పుడు వెదకుట కష్టము. కావున పాత డిస్కును తీయకముందే ఫాంట్ల సంచయమును, కీబోర్డు ప్రోగ్రామును, అనుమతి సంఖ్యను ప్రత్యేకముగ దాచుకొనవలెను. 1991లో ప్రారంభమైన యూనికోడు పద్ధతిలో తెలుగునకు ప్రత్యేక స్థానములున్నవి. ఆ పద్ధతిలో వ్రాసినది ఫాంటు మారినను తెలుగుగనే యుండును. ముఖ్యమైన పాత లేఖలను ఈ సందర్భముననే యూనికోడులోనికి మార్పించి యుంచుకొనుట దూరదృష్టి గలవారి పని.

వ్యాపారులును ఇట్టిదే మరియొక జాగ్రత్త పడవలెను. ట్యాలీ వంటి లెక్కల ప్రోగ్రాముల లైసెన్సు ఆ యంత్రమునకు ముడిపడియుండును. డిస్కు మార్చుటకు ముందు లైసెన్సును సరెండరు చేసి, తరువాత మరల పొందుట క్రమము. విండోసులో డిస్కునకు బిట్‌లాకర్ అను తాళము వేసియున్నచో, దానిని తెరచు 48 అంకెల సంఖ్యను ముందుగ కాగితముపై వ్రాసికొనవలెను. తాళపుచెవి ఇంటిలోపల వదలి తలుపు మూసికొనువాడు ఎంత తెలివితక్కువవాడో, ఆ సంఖ్యను అదే డిస్కులో దాచుకొనువాడును అంతే.

పాత డిస్కులోని సర్వస్వమును, విండోసుతో సహా, ఉన్నదున్నట్లు క్రొత్త డిస్కునకు దించుటను క్లోను చేయుట యందురు. అన్నియు యథాస్థానమున నుండును గనుక ఫాంట్ల బెడద లేదు. లెక్కల ప్రోగ్రాములు చాలవరకు యథాతథముగ నడచును. కాని పాత డిస్కులోని చెత్తయు, వైరసులున్నచో అవియు వెంటవచ్చును. అన్నియు క్రొత్తగా ఎక్కించినచో ఇల్లు కడిగి ముగ్గు పెట్టినట్లు శుభ్రముగ నుండును గాని శ్రమ ఎక్కువ. సాఫీగా నడచుచు నెమ్మదిగ మాత్రమే యున్న యంత్రమునకు క్లోను చేయుటయు, తరచు తెర నీలమై ఆగిపోవుదానికి క్రొత్తగా ఎక్కించుటయు మేలని మా అభిప్రాయము.

ఏ డిస్కు కొనవలెనను ప్రశ్నకు సమాధానము యంత్రము లోపల నున్నది. పాత ఆల్ ఇన్ వన్ యంత్రములలో మూడున్నర అంగుళముల డిస్కు గాని, ల్యాప్‌టాపులలోవలె రెండున్నర అంగుళముల డిస్కు గాని యుండును. రెండింటికిని సాటా అను ఒకే కనెక్షను. రెండున్నర అంగుళముల సాటా ఎస్.ఎస్.డి. రెండింటికిని సరిపోవును; పెద్ద గూటిలో చిన్నది కదలకుండ నిలుచుటకు ఒక బిగింపు చట్రము మాత్రము కావలెను. దుకాణములలో ఎన్.వి.ఎం.ఇ. అను మరింత వేగమైన రకమును చూపుదురు. అది చూచుటకు గమ్ బిళ్లవలె నుండును. దానికి తగిన గాడి యంత్రములో లేనిదే అది నిరుపయోగము. సాటా మార్గమున సెకనుకు 550 మెగాబైట్ల కంటె ఎక్కువ పారదు; యంత్రము మరీ పాతదైనచో అందులో సగమే. పిల్లకాలువ వెడల్పును బట్టియే పొలమునకు నీరు. సాగరములో ఎంత నీరున్నదని అడిగి లాభము లేదు. అయినను చింతింప పనిలేదు. మనలను విసిగించినది ధార సన్నగనుండుట కాదు, ఒక్కొక్క తుంటకు కలుగు జాగు. ఆ జాగు సాటాలోను తీరును.

పరిమాణమును నిర్ణయించుటకు ముందు పాత డిస్కులో ఎంత నిండియున్నదో చూడవలెను. వేయి గిగాబైట్ల డిస్కులో నూరే నిండియున్న ఇండ్లు అనేకము. వారికి 256 గాని 512 గాని చాలును. 1,000 అని వ్రాసిన డిస్కు తెరపై 931 అని కనబడినచో మోసపోతిమని తలపరాదు. తయారుచేయువారు వేయి చొప్పునను, విండోసు 1,024 చొప్పునను లెక్కించుటచే కలిగిన తేడా యది. నిజమైన మోసము వేరొకటి కలదు. పై చీటీపై పెద్ద సంఖ్య వ్రాసి లోపల చిన్న చిప్పు పెట్టిన నకిలీలు చవుకధరకు తిరుగుచున్నవి. అవి మొదట కొంతకాలము బాగుగనే యుండి, నిండుకొలది పాత ఫైళ్లను మింగివేయును. రసీదును గ్యారంటీయును లేనిదానిని కొనరాదు. ర్యాము 4 గిగాబైట్లే యున్నచో, యంత్రమును ఎట్లును విప్పుచున్నాము గనుక దానిని 8కి పెంచుట యుక్తము.

విప్పుట కూడ అన్ని యంత్రములలో ఒకే తీరున నుండదు. కొన్నింటికి వెనుక మూత తీసినచో డిస్కు చేతికి తగులును. కొన్నింటికి ముందు తెరనే ఎత్తవలెను. యాపిల్ సంస్థ 1998లో మొదటి ఐమ్యాక్‌ను వెలువరించిన తరువాత దాని లోపలి అమరిక అనేకమార్లు మారినది. 2009 నుండి 2011 వరకు వచ్చినవానిలో ముందు అద్దము అయస్కాంతములతో అంటుకొనియుండును. ఆ నమూనాలలో డిస్కు వేడిని కనిపెట్టు ఏర్పాటు పాత డిస్కుతో ముడిపడియుండుటచే, తగిన తీగ గాని ప్రోగ్రాము గాని లేక మార్చినచో లోపలి ఫ్యానులు హోరుమని తిరుగుచునే యుండును. 2012 చివర నుండి తెరను జిగురు పట్టీలతో అంటించినారు. ఆ పట్టీలను కోసి తెర నెత్తి, పని ముగిసిన తరువాత క్రొత్త పట్టీలు వేయవలెను. 2021లో వచ్చిన 24 అంగుళముల నమూనాలో నిలువ చిప్పులను బోర్డుకే అతికివేసినారు. దానిని మార్చు మార్గము లేదు. ఏ సంస్థ యంత్రమైనను దాని నమూనా సంఖ్యను గుర్తించి, అది విప్పు విధము తెలిసికొనిన పిదపనే మరమేకులు ముట్టవలెను.

ప్రాణభయము లేకుండ చెప్పవలెనన్న, కొన్ని ఆల్ ఇన్ వన్ యంత్రములలో కరెంటు సరఫరా బోర్డు మూతలేకయే లోపల నుండును. తీగ ఊడదీసిన తరువాత కూడ అందు కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును. తీగ తీసి, మీటను పది సెకనులు నొక్కిపట్టి, కొంతసేపు ఆగి, ఆ బోర్డు దరికి చేయి పోనీయక పనిచేయవలెను. పాతకాలపు గాజుగొట్టపు తెర గల యంత్రములను ఇంటివారు విప్పనే రాదు. చలికాలపు పొడిగాలిలో మన ఒంటినుండి పుట్టు చిన్న మెరుపు చిప్పులను చంపగలదు గనుక, చేయి పెట్టుటకు ముందు యంత్రపు లోహభాగమును తాకుట మంచిది. తెర నెత్తు నమూనాలను అనుభవజ్ఞుడైన పనివానికి ఒప్పగించుటయే మేలు. డిస్కు వెల కొంచెము, పగిలిన తెర వెల హెచ్చు.

పనివానికి ఒప్పగించునపుడు నాలుగు ప్రశ్నలు అడుగుటకు మొగమాటపడరాదు. నకలు మీరు తీయుదురా, మేము తీసికొని రావలెనా? క్లోను చేయుదురా, క్రొత్తగా ఎక్కింతురా? వేయు డిస్కు ఏ సంస్థది, రసీదు ఇత్తురా? పాత డిస్కును మాకే తిరిగి ఇత్తురా? ఈ నాలుగవ ప్రశ్న అన్నింటికంటె ముఖ్యమైనది. పాత డిస్కును అచ్చటనే వదలి వచ్చుట ఇంటి బీరువాను తాళముతో సహా వీధిలో ఉంచి వచ్చుటవంటిది. ఫార్మాటు చేసినంతమాత్రమున లోపలివి చెరిగిపోవు. పుస్తకములోని విషయసూచికను చింపినచో పుటలు పోవునా? మీ సేవ, జిరాక్సు దుకాణములవారి డిస్కులలో వందలాది ప్రజల ఆధార్ నకళ్లును, బ్యాంకు పుస్తకముల చిత్రములును ఉండును. అవి దుకాణదారు సొత్తు కావు. నమ్మి యిచ్చినవారి సొత్తు.

తిరిగి తెచ్చిన పాత డిస్కును రెండు మూడు మాసములు ముట్టక దాచవలెను. మరచిన ఫాంటో, మరచిన ఫోటోయో అప్పుడు జ్ఞప్తికి వచ్చును. ఆ తరువాత అది ఆరోగ్యముగనున్నచో ఒక చిన్న డొక్కులో బిగించి, అదనపు నకలు దాచుకొనుటకు వాడవచ్చును. చెడినదైనచో పళ్లెములు పాడగునట్లు చేసి ఎలక్ట్రానిక్ వ్యర్థములను సేకరించువారికి ఇవ్వవలెను. 2022లో ప్రభుత్వము చేసిన నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. అట్టి వ్యర్థములు చెత్తకుండీకి పోరాదు. ఎస్.ఎస్.డి.ని వేసికొన్నవారు ఒక్క విషయము మరువరాదు. అదియు నశ్వరమే. పాత డిస్కు చప్పుడు చేసి ముందుగ హెచ్చరించెడిది. ఇది చాలమారులు ఏ సూచనయు లేక మౌనముగ కన్నుమూయును. వేగము పెరిగినది గాని నకలు తీయు బాధ్యత తగ్గలేదు.

మరి అన్ని పాత యంత్రములకును ఈ వైద్యము తగునా? తగదు. విండోసు 10కి మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోసు 11 కొరకు ఆ సంస్థ విధించిన నియమములను, ఇంటెల్ ఎనిమిదవ తరమునకు ముందు వచ్చిన ప్రాసెసర్లు గల యంత్రములు చాలవరకు తీర్పలేవు. క్రొత్త డిస్కు వేసినంతమాత్రమున ఈ లోపము పోదు. ఎద్దు హుషారైనది గాని బండికి చీల లేదన్నట్లగును. రక్షణ మెరుగులు అందని యంత్రముపై బ్యాంకు పనులు చేయుట క్షేమము కాదు. అట్టివారికి లినక్సు అను ఉచిత వ్యవస్థ కలదు. అది పాత యంత్రములపై చక్కగ నడచును, తెలుగును చక్కగ చూపును. ఉత్తరములు వ్రాసికొనుటకు, పాఠములు చూచుటకు, చదువుకొను పిల్లలకు అది చాలును. కాని వ్యాపారపు ప్రోగ్రాములు విండోసుపైననే నడచునవైనచో, యంత్రము మరీ పాతదైనచో, తెరయు మసకబారినచో, క్రొత్త యంత్రమునకే ధనము కూడబెట్టుట న్యాయము. మరమ్మతునకు హద్దు తెలిసినవాడే మంచి పొదుపరి.

అనంతగిరిలో చదువుకొను విద్యార్థులకును, చుట్టుప్రక్కల ఊళ్లలో మరమ్మతు దుకాణములు నడపు యువకులకును ఒక మాట. ఒకనాడు ఊరికొక రేడియో మెకానిక్కు ఉండెడివాడు. వాల్వు మార్చినంతనే మూగవోయిన పెట్టె మరల పలికెడిది. చుట్టును జనము మూగి ఆనందించెడివారు. నేడు ఆ స్థానము మీది. యజమాని మీ చేతికిచ్చునది ఒక యంత్రము మాత్రమే కాదు, ఆ కుటుంబము జ్ఞాపకముగ దాచుకొన్న సమస్తమును. మరమేకు విప్పుటకు ముందు నకలు ఉన్నదా యని అడుగుట మీరు నేర్వవలసిన మొదటి పాఠము.

గృహస్థులకు మేము చెప్పునదియు అంతే. మూలనున్న యంత్రమును ఈ ఆదివారము ఒకసారి వెలికి తీయుడు. విప్పవద్దు, కొనవద్దు. ముందుగ దానిలో ఏమున్నదో, అది మరెక్కడైన నున్నదో చూచుకొని, లేనిచో వేరొక డిస్కునకు నకలు దించుడు. అంతవరకు చేసినచో సగము పని, అందును ముఖ్యమైన సగము, పూర్తియైనట్లే. మిగిలినది నాలుగు మరమేకుల పని.